టబ్బీ హేస్ 'లేట్ స్పాట్ ఎట్ స్కాట్స్' విన్నాను: ఈయన ఎవరు, ఇంత బాగా వాయించినవాడి పేరు మనకెందుకు తెలీదు?

బెజవాడ టెనర్:

అందరికీ నమస్కారం. విజయవాడ నుంచి రాస్తున్నాను, టెనర్ శాక్సోఫోన్ నేర్చుకుంటున్నాను. మా పెదనాన్న పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు, కాబట్టి ఊదే వాద్యం మా ఇంట్లో కొత్త కాదు. కద్రి గోపాల్‌నాథ్ గారి కచేరీలు విని శాక్స్ మీద మనసు పడింది. నేర్చుకోవడం మొదలెట్టాక మా మాస్టారు సోనీ రోలిన్స్‌నీ, జాన్ కోల్ట్రేన్‌నీ వినిపించారు. ఇన్నాళ్ళూ నాకు తెలిసిన జాజ్ అంతా అమెరికాదే.

మొన్న ఒక స్నేహితుడు 'లేట్ స్పాట్ ఎట్ స్కాట్స్' పంపాడు. టబ్బీ హేస్ అనే ఇంగ్లండ్ ఆయన 1962లో లండన్ రోనీ స్కాట్స్ క్లబ్బులో వాయించిన కచేరీ. అప్పట్నుంచి వేరేది పెట్టుకోబుద్ధి కావడం లేదు. వేగం ఒక్కటే అయితే ఇంత పట్టేది కాదు. ఆ వేగంలో కూడా ఒక్కో స్వరం విడివిడిగా, నిండుగా పలుకుతోంది. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో గమనిద్దామని చాలాసార్లు వెనక్కి తిప్పి విన్నాను, కొన్నిచోట్ల ఇప్పటికీ అంతు చిక్కలేదు.

ఈయన ఎక్కడ నేర్చుకున్నాడు? ఆ రోజుల్లో లండన్‌లో జాజ్ చెప్పేవాళ్ళున్నారా? రోలిన్స్ పేరు తెలిసినవాళ్ళకి ఈయన పేరు ఎందుకు తెలీదు? నేర్చుకునేవాడిగా ఇలాంటి కచేరీ రికార్డు ఎలా వినాలి, దీని తర్వాత ఏం వినాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

ఏడో ఫ్రెట్:

మంచి రికార్డే బ్రదర్, కాదనను. నేను గిటార్ వాయిస్తాను, హైదరాబాద్. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నేర్చుకునే దశలో ఊట దగ్గరికే వెళ్ళాలి. బీబాప్ అనే ఈ వేగం జాజ్ శైలి పుట్టింది న్యూయార్క్‌లో. చార్లీ పార్కర్, డెక్స్టర్ గోర్డన్, రోలిన్స్, వీళ్ళు తవ్వి తీసిందే లండన్ దాకా పారింది. అక్కడికి చేరేసరికి అది సెకండ్‌హ్యాండ్ సరుకు. కచేరీ రికార్డే కావాలంటే 1957 నవంబర్‌లో రోలిన్స్ న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో చేసింది ఉంది. పియానో లేదు, బాస్, డ్రమ్స్, శాక్స్, అంతే. శాక్స్ వాయించేవాడికి దాక్కోవడానికి చోటుండదు. నీకు అది ఎక్కువ ఉపయోగం.

గోదారి నుంచి థేమ్స్‌కి:

ఇద్దరికీ కలిపి జవాబు రాస్తున్నాను, పెద్దదే అవుతుంది. మాది రాజమండ్రి. లండన్‌లో స్థిరపడి చాలా ఏళ్ళైంది. పగలు ఆసుపత్రి ల్యాబులో పని, మిగిలిన వేళంతా ఈ సంగీతం. టబ్బీ హేస్ అంటే నాకు ప్రాణం, అది మనసులో పెట్టుకునే చదవండి.

ఫ్రెట్ గారూ, రోలిన్స్ వాన్‌గార్డ్ రికార్డు గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. కానీ 'సెకండ్‌హ్యాండ్' అన్నారే, అక్కడ ఒప్పుకోలేను. ఎందుకో ఆయన బతుకు చెప్తే మీకే అర్థమవుతుంది.

అసలు పేరు ఎడ్వర్డ్ బ్రయన్ హేస్. 1935 జనవరి 30న లండన్‌లో పుట్టాడు. తండ్రి బీబీసీలో వయొలిన్ వాయించే విద్వాంసుడు, కాబట్టి పిల్లాడికి ముందు వయొలిన్ చెప్పించారు, ఆ తర్వాత పియానో. శాక్స్ చేతికొచ్చేసరికి చెవీ సిద్ధంగా ఉంది, కార్డ్స్ (కలిపి ఒకేసారి మోగించే స్వరాలు) ఎలా నడుస్తాయో పియానో మీద వేళ్ళకీ తెలుసు. బెజవాడ టెనర్ గారు అడిగిన 'ఎక్కడ నేర్చుకున్నాడు' అన్నదానికి సగం జవాబు ఇదే. మిగతా సగం స్టేజీ. జాజ్ చెప్పే కాలేజీ ఆ రోజుల్లో ఇక్కడ లేదు. 1951లో, పదహారేళ్ళ వయసులో, ట్రంపెట్ విద్వాంసుడు కెన్నీ బేకర్ బృందంలో చేరిపోయాడు. తర్వాత విక్ లూయిస్, జాక్ పార్నెల్ లాంటివాళ్ళ పెద్ద బ్యాండ్లు. రాసిన సంగీతాన్ని చూడగానే వాయించాలి, డాన్సు ఆడేవాళ్ళకి తాళం తప్పకూడదు, రాత్రికి రాత్రి ఇంకో ఊరు. ఇరవై ఏళ్ళు నిండాయో లేదో, 1955లో ఎనిమిదిమందితో సొంత బ్యాండు కట్టి దేశమంతా తిరిగాడు.

రోనీ స్కాట్ టబ్బీ కన్నా ఎనిమిదేళ్ళు పెద్ద, అప్పటికే లండన్‌లో పేరున్న టెనర్ విద్వాంసుడు. తను వాయిస్తున్న చోటికి బొద్దుగా ఉన్న ఒక పిల్లాడు వచ్చి, నేనూ వాయించవచ్చా అని అడిగాడని, సరే అని పక్కన నిలబెట్టుకుంటే వాడి వాయింపుకి తనకి భయం పుట్టిందని స్కాట్ తర్వాత రోజుల్లో చెప్పుకునేవాడు. అసూయ పడకుండా ఆ పిల్లాణ్ణే తర్వాత భాగస్వామిగా చేసుకున్నాడు చూడండి, అందుకు స్కాట్ అంటే నాకు చాలా గౌరవం. 1957 నుంచి 1959 దాకా ఇద్దరూ కలిసి 'జాజ్ కొరియర్స్' అనే బృందం నడిపారు. ముందు వరసలో రెండు టెనర్లు. 1958 ఫిబ్రవరిలో అమెరికన్ పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ ఇంగ్లండ్ వచ్చినప్పుడు అదే టూరులో వీళ్ళూ వాయించారు. లండన్ డొమినియన్ థియేటర్‌లో వాళ్ళ భాగం రికార్డయింది, దొరుకుతుంది కూడా.

ఇప్పుడు 'పేరెందుకు తెలీదు' దగ్గరికొస్తాను. దీనికి మూలం 1935లో ఉంది. అమెరికా బ్యాండ్లు ఇంగ్లండ్ రావచ్చు కానీ ఇంగ్లండ్ వాద్యకారుల్ని అమెరికా రానివ్వడం లేదని ఇక్కడి యూనియన్ పట్టుబట్టింది. ప్రభుత్వం అమెరికన్ బ్యాండ్లకి పర్మిట్లు ఆపేసింది. దాదాపు ఇరవై ఏళ్ళు అలాగే నడిచింది. యాభైల మధ్యలో మార్పిడి పద్ధతి వచ్చింది: అక్కణ్ణుంచి ఒక బ్యాండు వస్తే ఇక్కణ్ణుంచి ఒకటి వెళ్ళాలి. అది కూడా పెద్ద హాళ్ళ కచేరీలకే. క్లబ్బులో ఒక్క విద్వాంసుడు వచ్చి వారాల తరబడి వాయించడం మాత్రం కుదిరేది కాదు. పార్కర్ తరం చేస్తున్నదాన్ని ఎదురుగా చూడాలంటే ఇక్కడి కుర్రాళ్ళు అట్లాంటిక్ దాటే ఓడల్లో బ్యాండు ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు. రోనీ స్కాట్ అలా వెళ్ళినవాడే. ఓడ న్యూయార్క్‌లో లంగరు వేయగానే క్లబ్బులకి పరుగు. టబ్బీ తరం ఎక్కువగా రికార్డులు విని, వెళ్ళొచ్చినవాళ్ళ దగ్గర చూసి, తమలో తాము వాయించుకుని నేర్చుకుంది.

అలాంటి చోట పెరిగినవాడు ఎవరినో అనుకరిస్తూ మిగిలిపోవడం చాలా తేలిక. టబ్బీ అలా కాలేదు. టెనర్ మీద ఆయన స్వరం గట్టిగా, అంచు తేరి ఉంటుంది. వాక్యాలు పొడుగు. కార్డులు ఎంత దగ్గర దగ్గరగా మారినా ప్రతి మార్పూ ఆ వరసలో స్పష్టంగా వినబడుతుంది. తొందరపడి దాటెయ్యడు. వయొలిన్ నేర్చుకున్న పిల్లాడి చెవి అందులో ఉందని నాకనిపిస్తుంది. 1956 చివర్లో వైబ్రఫోన్ (లోహపు పట్టీల మీద కొట్టి వాయించే వాద్యం) కూడా మొదలెట్టి, కొద్దికాలంలోనే దాన్నీ కచేరీ స్థాయికి తెచ్చాడు. పాటలు కట్టడం, పెద్ద బ్యాండుకి రాయడం వేరే.

స్కాట్, మేనేజరు పీట్ కింగ్ కలిసి 1959 అక్టోబర్ 30న సోహోలో జెరార్డ్ స్ట్రీట్ 39వ నంబరు కింద బేస్‌మెంట్‌లో క్లబ్బు తెరిచారు. అంతకుముందు టాక్సీ డ్రైవర్లు టీ తాగి సేదదీరే చోటు అది. స్కాట్ సవతి తండ్రి దగ్గర వెయ్యి పౌండ్లు అప్పు చేసి మొదలెట్టారు. మొదటి రాత్రి వాయించింది టబ్బీ బృందమే. ఇప్పుడా వీధి చైనాటౌన్‌లో ఉంది, చుట్టూ హోటళ్ళు. క్లబ్బు 1965 చివర్లో ఫ్రిత్ స్ట్రీట్‌కి మారింది, ఇప్పటికీ నడుస్తోంది. లండన్ వచ్చే మనవాళ్ళు మ్యూజియంల తర్వాత ఒక సాయంత్రం అక్కడికీ కేటాయించుకోండి.

1961లో పీట్ కింగ్ రెండు దేశాల యూనియన్లనీ కూర్చోబెట్టి ఒప్పించాడు. టెనర్ విద్వాంసుడు జూట్ సిమ్స్ లండన్‌లో రోనీ స్కాట్స్‌కి వస్తాడు, బదులుగా టబ్బీ న్యూయార్క్‌లో హాఫ్ నోట్ క్లబ్బుకి వెళ్తాడు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. అక్కడుండగానే ట్రంపెట్ క్లార్క్ టెర్రీతో, పియానో హొరేస్ పార్లన్‌తో రికార్డు చేశాడు. మరుసటి ఏడాది మళ్ళీ వెళ్ళి అక్కడి పేరున్న శాక్స్ విద్వాంసులు రోలాండ్ కర్క్, జేమ్స్ మూడీల పక్కన నిలబడి ఇంకొకటి. మూడీకి వేరే కంపెనీతో ఒప్పందం ఉండటంతో అట్ట మీద ఆయన పేరు 'జిమ్మీ గ్లూమీ' అని వేశారు. ఫ్రెట్ గారూ, కర్క్ లాంటివాడి పక్కన సెకండ్‌హ్యాండ్ సరుకు ఒక్క పాట కూడా నిలబడదు. 1964 ఫిబ్రవరిలో ఇంకోటి జరిగింది. డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండు లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో వాయించాలి, వాళ్ళ ప్రధాన టెనర్ పాల్ గొన్సాల్వెస్ వాయించే స్థితిలో లేడు. శ్రోతగా వచ్చిన టబ్బీని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు, కచేరీ నడిపించాడు. గొన్సాల్వెస్ మనసులో ఏమీ పెట్టుకోలేదు. తర్వాత ఇద్దరూ కలిసి రికార్డులు చేశారు.

ఇక మీ రికార్డు. 1962 మే 17, 18 తేదీల్లో ఆ బేస్‌మెంట్‌లోనే రికార్డయింది, ఫాంటానా కంపెనీ వేసింది. బృందంలో అయిదుగురు: టబ్బీ, ట్రంపెట్ జిమ్మీ డ్యూకర్, పియానో గోర్డన్ బెక్, బాస్ ఫ్రెడ్డీ లోగన్, డ్రమ్స్ అలన్ గాన్లీ. ఆ రెండు రాత్రుల నుంచే రెండు ఎల్పీలు వచ్చాయి. రెండోది 'డౌన్ ఇన్ ది విలేజ్'. దీని తర్వాత ఏం వినాలి అంటే మొదట చెప్పేది అదే. అదే గది, అదే మనుషులు, అవే రాత్రులు. ఒకటి మాత్రమే వినడం అంటే సగం కచేరీకి లేచి వచ్చేసినట్టే.

ఎలా వినాలి అన్నారు. మొదటిసారి టబ్బీని వదిలేయండి. గాన్లీ సింబల్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్ళెం) మీద పెట్టే నడకనీ, లోగన్ బాస్‌నీ మాత్రం పట్టుకుని చేత్తో తాళం వేస్తూ చివరిదాకా వెళ్ళండి. ఆ ఇద్దరూ ఎక్కడా బిగుసుకోరు, అందుకే పైన ఆయన అంత ధైర్యంగా పరిగెడతాడు. రెండోసారి ట్రంపెట్, టెనర్ కలిసి పల్లవి ఎత్తుకునే తీరు వినండి. డ్యూకర్ స్కాట్లండ్ మనిషి, డండీలో పుట్టాడు. ఈ బృందంలో టబ్బీకి అసలైన జోడీ ఆయనే అని నేను గట్టిగా నమ్ముతాను. టబ్బీ పది మాటల్లో చెప్పేదాన్ని డ్యూకర్ మూడింటిలో ముగిస్తాడు. ఆ ఇద్దరి మధ్య తేడా లేకపోతే ఈ రికార్డు వినేవాళ్ళకి అలసట వచ్చేది. మూడోసారి టబ్బీ సోలోలు. అప్పుడు కూడా వేగాన్ని వినకండి. ఒక ఆవర్తం ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట ఏం చేస్తున్నాడో వినండి. చాలాచోట్ల అక్కడ ఆగడు, వాక్యం మధ్యలో ఉండగానే గడప దాటేస్తాడు. మన కచేరీల్లో మంచి మనోధర్మం ఉన్న గాయకుడు స్వరకల్పనలో సమం మీదుగా దూకి వెళ్ళి, తర్వాత ఎక్కడో వచ్చి కలుస్తాడు చూడండి, ఆ ఆనందమే ఇక్కడా దొరుకుతుంది.

స్టూడియోలో కూడా ఆయన గొప్పగా వాయించాడు. అయినా నేను కచేరీ రికార్డుల పక్షమే. కారణం ఒకటే. ఈ మనిషి తయారైందే రాత్రి రాత్రీ జనం ముందు నిలబడి. స్టూడియోలో పాట ఎల్పీకి సరిపోవాలి, ఇంకోసారి తీసుకునే వీలుంది. ఆ బేస్‌మెంట్‌లో ఎదురుగా కూర్చున్నవాళ్ళు బల్లలకి ఆనుకుని చూస్తున్నారు, తనని మొదటి రాత్రి నుంచీ ఎరిగినవాళ్ళు కూడా ఉంటారు. నిన్న చేసిందే మళ్ళీ చేస్తే పట్టేస్తారు. సోలో ముగిసే ముందు ఇంకొక్క చుట్టు వేద్దాం అనే నిర్ణయం అక్కడికక్కడ పుడుతుంది, వెనకున్న ముగ్గురూ దాన్ని అందుకుంటారు. చప్పట్లు ఎక్కడ మొదలయ్యాయో గమనించండి. మర్యాదకి కొట్టే చప్పట్లకీ, ఆగలేక కొట్టే చప్పట్లకీ తేడా టేపు మీద కూడా తెలుస్తుంది.

పేరు విషయం ముగిస్తాను. ఆయన లండన్‌లోనే ఉండిపోయాడు. అమెరికా వెళ్ళాడు, న్యూయార్క్, బాస్టన్, లాస్ ఏంజెలెస్‌లలో వాయించాడు, కానీ కాపురం మార్చలేదు. ఇక్కడ టీవీలో సొంత కార్యక్రమం, సినిమాల్లో కనబడటం, పెద్ద బ్యాండు, చేతినిండా పని. అరవైల మధ్యకొచ్చేసరికి కుర్రకారంతా గిటార్ బ్యాండ్ల వైపు మళ్ళారు, జాజ్ క్లబ్బుల పని పలచబడింది. మాదకద్రవ్యాల అలవాటు పట్టుకుంది, ఆరోగ్యం చెడింది. 1971లో గుండెకి పెద్ద ఆపరేషన్ అయింది. కోలుకుని మళ్ళీ వాయించడం మొదలెట్టాడు. 1973 జూన్ 8న హామర్‌స్మిత్ ఆసుపత్రిలో రెండో ఆపరేషన్ జరుగుతుండగా పోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళు. ఆయన ఈడువాళ్ళు ఎనభైల్లో, తొంభైల్లో జాజ్‌కి మళ్ళీ ఆదరణ వచ్చినప్పుడు వేదికలెక్కి ప్రపంచమంతా తిరిగారు. ఆయనకి ఆ అవకాశం రాలేదు. పాత ఎల్పీలు చాలాకాలం దొరకలేదు కూడా. దొరకని రికార్డుకి కొత్త శ్రోతలు ఎక్కణ్ణుంచి వస్తారు?

తర్వాత వినాల్సినవి. 'డౌన్ ఇన్ ది విలేజ్' చెప్పాను, అందులో 'జానీ వన్ నోట్' తో మొదలుపెట్టండి. వెనక్కి వెళ్ళాలనుకుంటే 'టబ్బీస్ గ్రూవ్', 1959 డిసెంబర్‌లో రికార్డయింది, ట్రంపెట్ లేదు, టెనర్ ఒక్కటే ముందు. డ్రమ్స్ ఫిల్ సీమన్. పేరు మోసిన డ్రమ్మరు, ఎందుకో విన్న వెంటనే తెలుస్తుంది. ముందుకెళ్తే 'మెక్సికన్ గ్రీన్', 1967లో చేసింది. మైక్ పైన్, రాన్ మాథ్యూసన్, టోనీ లెవిన్ అనే కొత్త తరం కుర్రాళ్ళతో. ఎల్పీకి పేరిచ్చిన ఆ పెద్ద పాటలో కార్డుల కంచె దాటి బయటికెళ్ళిపోతాడు. 1962 కచేరీ విని, ఆ వెంటనే ఇది వింటే అయిదేళ్ళలో మనిషి ఎంత దూరం నడిచాడో అర్థమవుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. 1969లో స్టూడియోలో చేసి బయటికి రాకుండా ఉండిపోయిన టేపులు 2019లో 'గ్రిట్స్, బీన్స్ అండ్ గ్రీన్స్' పేరుతో వచ్చాయి, అవి కూడా వినండి. టెంపో కంపెనీ వేసిన అసలు ఎల్పీల జోలికి మాత్రం పోకండి, వాటిని సేకరించేవాళ్ళు ధరలు ఆకాశానికి ఎక్కించారు. కొత్త ముద్రణలు చాలు.

మూడో నంబరు రీడ్:

థేమ్స్ గారు చరిత్ర చెప్పారు. నేను విశాఖలో పిల్లలకి శాక్స్ నేర్పుతాను, నేర్చుకునేవాడి వైపు నుంచి రెండు మాటలు.

బాబూ, ఆ వేగం చూసి వేళ్ళ వెంట పడకు. అక్కడ గమనించాల్సింది నాలుక. అంత వేగంలో స్వరాలు విడివిడిగా వినబడుతున్నాయన్నావు చూశావా, అది నాలుక పని, దాని కింద గాలి పని. వేగం పెరిగేకొద్దీ మనవాళ్ళు చేసే పొరపాటు గాలి తగ్గించి వేళ్ళు బిగించడం. టబ్బీ దగ్గర వేగంలో కూడా గాలి నిండుగా పోతూనే ఉంటుంది, అందుకే స్వరం పలచబడదు. రోజూ పొడుగు స్వరాలు ఊదకుండా ఇది రాదు. విసుగ్గా ఉంటుంది, అయినా చెయ్యి.

ఊపిరి ఎక్కడ అన్నావు. చాలాచోట్ల వాక్యం చివర కాదు, చివరికి ముందు స్వరం దగ్గర చిన్న సందు తీసుకుంటాడు. ఆ సందు కూడా లయలో భాగమే. నెమ్మదిగా నడిచే పాటలు ముందు పట్టుకుంటే అది తేలిగ్గా తెలుస్తుంది.

ఆ తర్వాత ఒక సోలోలో ఎనిమిది బార్లు (తాళపు కొలతలు) మాత్రం తీసుకో. వేగం సగానికి తగ్గించి విను. ముందు నోటితో పాడు. పాడటం వచ్చేదాకా వాద్యం పెట్టెలోంచి తియ్యకు. వచ్చాక మూడు కాలాల్లో సాధకం చెయ్యి, వర్ణం చేసినట్టే. మొదటి కాలంలో తాళం నిలవకపోతే మూడో కాలంలో నిలబడదు. కింద కార్డులేంటో పక్కనే రాసుకో. ఏ స్వరం ఏ కార్డు మీద పడిందో తెలిస్తే ఆ ఎనిమిది బార్లు నీవవుతాయి, తెలీకపోతే బట్టీ పట్టిన పద్యమే. మౌత్‌పీసులు, రీడ్లు మార్చడం మీద డబ్బు పెట్టొద్దు, ఇప్పుడున్నదే చాలు.

ఏడో ఫ్రెట్:

థేమ్స్ గారూ, మీరు రాసింది చదివి 'డౌన్ ఇన్ ది విలేజ్' రెండుసార్లు విన్నాను. గోర్డన్ బెక్ వెనకుండి వేసే కార్డులు చాలా నచ్చాయి. ఎక్కువ వెయ్యడు, వేసినప్పుడల్లా శాక్స్‌కి ఒక కొత్త దారి చూపిస్తాడు. గిటార్ వాళ్ళకి అందులో పాఠం ఉంది. అయినా నేర్చుకునేవాళ్ళు రోలిన్స్‌తో మొదలెట్టాలన్న మాట మీదే ఉన్నాను. రోలిన్స్ ఒక చిన్న ముక్క తీసుకుని దాన్నే తిప్పి తిప్పి కట్టుకుంటూ పోతాడు, నేర్చుకునేవాడి చెవికి ఆ దారి కనబడుతుంది. టబ్బీ దగ్గర అది దొరకడానికి టైమ్ పడుతుంది.

గోదారి నుంచి థేమ్స్‌కి:

అది సరైన మాటే. రోలిన్స్ కట్టడం బయటికి కనబడుతుంది. టబ్బీ దగ్గర లోపలుంటుంది, నాలుగైదుసార్లు వింటే గానీ బయటపడదు. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టుకుని వినడం ఇంకా మంచిది. బెక్ గురించి కూడా బాగా పట్టారు. ఆయన తర్వాత అమెరికన్ ఆల్టో శాక్స్ విద్వాంసుడు ఫిల్ వుడ్స్‌తో యూరప్‌లో చాలా వాయించాడు, అవి వెతకండి.

బెజవాడ టెనర్:

అందరికీ చాలా థాంక్స్. రీడ్ మాస్టారూ, మీరు చెప్పినట్టే ఎనిమిది బార్లు తీసుకున్నాను, ప్రస్తుతం పాడటం దగ్గరే ఉన్నాను. పెదనాన్నకి కూడా వినిపించాను. ఆయన చివరిదాకా కళ్ళు మూసుకుని విని, "ఈ అబ్బాయికి గాలి మీద అదుపుందిరా" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

ఇంకో సందేహం. టబ్బీ పాటలు వెతుకుతుంటే 'రాగా' అనేది కనబడింది. మన సంగీతానికీ ఆయనకీ ఏమైనా సంబంధం ఉందా? ఉంటే అది కూడా కాస్త రాయండి.

గోదారి నుంచి థేమ్స్‌కి:

ఆ పాట 1964లో వచ్చిన 'టబ్స్ టూర్స్' లోది, పెద్ద బ్యాండుతో చేసిన ఎల్పీ. పాట కట్టింది టబ్బీ కాదు, హ్యారీ సౌత్. పియానో విద్వాంసుడు, బ్యాండులకి రాయడంలో దిట్ట. యాభైల మధ్యలో కలకత్తాలో కొంతకాలం ఒక జాజ్ బృందంతో వాయించి వెళ్ళినవాడు. ఆ రోజుల్లో కలకత్తా హోటళ్ళలో జాజ్ బాగా నడిచేది, బయటి దేశాల వాద్యకారులు వచ్చి ఉండేవాళ్ళు.

కానీ ఆ పేరు చూసి ఆరోహణ అవరోహణలు వెతక్కండి. పెద్ద బ్యాండు పాటగా వింటే హుషారుగా, ఒడుపుగా ఉంటుంది. రాగం అని మనం అనుకునేది అందులో లేదు, ఉండాలని ఆశించడం కూడా ఆ పాటకి అన్యాయం.

మన సంగీతం, ఇంగ్లండ్ జాజ్ నిజంగా ఎదురెదురుగా కూర్చున్న చోటు కావాలంటే జో హారియట్‌ని పట్టుకోండి. ఆల్టో శాక్స్, జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టి 1951లో ఇంగ్లండ్ వచ్చాడు. కలకత్తాలో పుట్టిన జాన్ మేయర్ అనే వయొలిన్ విద్వాంసుడు ఇక్కడి పెద్ద ఆర్కెస్ట్రాల్లో వాయించేవాడు. ఈ ఇద్దరూ కలిసి అయిదుగురు జాజ్ వాళ్ళనీ, అయిదుగురు భారతీయ సంగీతం వైపువాళ్ళనీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. సితార్, తబలా, తంబురా ఒక పక్క, శాక్స్, ట్రంపెట్, డ్రమ్స్ ఇంకో పక్క. 1966లో 'ఇండో జాజ్ సూట్', ఆ తర్వాత 'ఇండో జాజ్ ఫ్యూజన్స్' వచ్చాయి. అన్నీ సమానంగా కుదిరాయని నేననను, కొన్నిచోట్ల రెండు బృందాలూ వంతులేసుకుని వాయిస్తున్నట్టే ఉంటుంది. కుదిరిన చోట మాత్రం హారియట్ ఆల్టో ఆ స్వరాల మధ్య ఏడుపుకీ పాటకీ నడుమ ఏదో పలికిస్తుంది. కద్రి గారి ఆల్టో విని పెరిగిన చెవి మీది, మీకు అందులో నాకన్నా ఎక్కువ వినబడొచ్చు. హారియట్ కూడా 1973లోనే పోయాడు, జనవరిలో, నలభై నాలుగేళ్ళకి. ఆరు నెలలు తిరక్కుండా టబ్బీ. ఆ ఏడాది ఇంగ్లండ్ జాజ్‌కి తగిలిన దెబ్బ చిన్నది కాదు.

హారియట్ మీద వేరే ప్రశ్న పెట్టండి, అక్కడ రాస్తాను. ఈలోపు మీ పెదనాన్న గారికి 'మెక్సికన్ గ్రీన్' వినిపించి ఏమన్నారో ఇక్కడ రాయండి, నాకు తెలుసుకోవాలని ఉంది.